ఘాట్ కొండల్లో 2 మీటర్ల ఫాక్స్ హంట్: బేరింగులు ఎందుకు పొసగవు, ఏం చేయాలి?

#1 గోస్తని_145

అందరికీ నమస్కారం. ఈ చలికాలంలో అనంతగిరి ఘాట్‌లో, డముకు నుంచి గాలికొండ వైపు వెళ్లే వాలులో ఒక ఫాక్స్ హంట్ (దాచిన ట్రాన్స్‌మిటర్‌ని, అంటే ఫాక్స్‌ని, సిగ్నల్ దిశ పట్టుకుని వెతికే ఆట) పెడదామని ఆలోచన. ఫ్రీక్వెన్సీ 2 మీటర్ల బ్యాండులో 145.500 మెగాహెర్ట్జ్, అర వాటు, నిలువు యాంటెన్నా, ఒకటే ఫాక్స్. వెతికే మేర సుమారు 3 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు. పైకీ కిందకీ ఎత్తు తేడా 400 మీటర్ల దాకా ఉంటుంది. నాలుగైదు జట్లు విశాఖ నుంచి వస్తాయి. అందరి దగ్గరా 136–174 మెగాహెర్ట్జ్ అందుకునే చైనా హ్యాండీలే (చేతి రేడియోలే) ఉన్నాయి.

బీచ్ రోడ్డు, మైదానాల్లో హంట్ చేయడం చాలామందికి తెలుసు. కొండల్లో పద్ధతి వేరంటారు. మూడు విషయాలు కావాలి. లోయలో తీసిన బేరింగులు (సిగ్నల్ వచ్చే దిశలు) ఒకదానితో ఒకటి కలవకపోతే దేన్ని నమ్మాలి? దగ్గరికొచ్చాక ఎటు తిప్పినా సిగ్నల్ నిండుగా వస్తుంటే ఏం చేయాలి? ఫాక్స్‌ని ఎక్కడ, ఎలా పెట్టాలి?

#2 ఖొండలైట్

గోస్తని గారూ, మొదటి ప్రశ్నే అసలుది. అది అర్థమైతే మిగతావి పనిముట్ల సంగతే.

145.5 దగ్గర తరంగదైర్ఘ్యం 2.06 మీటర్లు. దానికి కొండ చరియ పెద్ద అద్దమే. ఫాక్స్‌కీ మీకూ మధ్య ఒక శిఖరరేఖ అడ్డొచ్చి, ఎదురుగా నున్నటి రాతి ముఖం ఉందనుకోండి. నేరుగా రావలసిన సిగ్నల్ శిఖరం మీద వంగి నీరసంగా దిగుతుంది, ఎదుటి రాతి మీద తగిలి తిరిగొచ్చేది బలంగా వస్తుంది. అప్పుడు యాంటెన్నా చూపించేది ఫాక్స్‌ని కాదు, ఆ రాయిని. ‘బలంగా ఉన్నవైపు నడువు’ అనే మైదానపు సూత్రం ఇక్కడ మనిషిని ఎదురు కొండ ఎక్కిస్తుంది.

నిజమైన దిశా, తిరిగొచ్చినదా అని పోల్చుకోవడానికి నాలుగు పరీక్షలున్నాయి.

ఒకటి, ఒకే చోట నిలబడి బేరింగ్ తీసి ఊరుకోకండి. మూడు నాలుగు మీటర్లు జరిగి మళ్లీ తీయండి, ఇంకోవైపు జరిగి మరోసారి తీయండి. నేరుగా వచ్చే సిగ్నల్ దిశ మారదు. రెండు మూడు దారుల్లో వచ్చి కలిసిన సిగ్నల్ అయితే 20, 30 డిగ్రీలు ఊగుతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు తరంగాలు కలిస్తే సుమారు ప్రతి మీటరుకూ ఒక బలహీన స్థానం వస్తుంది. అందుకే అడుగు కదిపితే సిగ్నల్ మాయమై, ఇంకో అడుగుకి మళ్లీ వచ్చే చోట తీసిన బేరింగ్‌ని మ్యాప్ మీద గీయనే వద్దు.

రెండు, నల్, అంటే సిగ్నల్ దాదాపు మాయమయ్యే దిశ, చూడండి. మూడు ఎలిమెంట్ల (కడ్డీల) యాగీ అనే దిశ చూపే యాంటెన్నాకి వెనకవైపు లోతైన నల్ ఉంటుంది. పీక్‌కి సరిగ్గా వెనక, 180 డిగ్రీల దగ్గర సిగ్నల్ బాగా పడిపోతే ఆ బేరింగ్‌ని నమ్మొచ్చు. నల్ పూడిపోయినా, పక్కకి జరిగినా రెండో దారి నుంచి కూడా సిగ్నల్ వస్తోందని అర్థం.

మూడు, యాంటెన్నాని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టి పోల్చండి. ఫాక్స్ నిలువు (తరంగం నిలువుగా ఊగే) పోలరైజేషన్‌లో ఉందని ముందే తెలుసు. ఒక దిశలో అడ్డంగా పట్టినప్పుడే ఎక్కువ వస్తోందంటే అది దేనికో తగిలి మెలిక తిరిగి వచ్చినదే.

నాలుగోది కాళ్లతో చేసేది: ఎక్కండి. లోయలో పది బేరింగులు తీసినా శిఖరరేఖ మీద తీసిన ఒక్కదానికి సాటిరావు.

#3 రేకుల_యాగీ

యాంటెన్నా కొలతలు ఒకచోట ఉంటే కొత్తవాళ్లకి పనికొస్తాయి. ఇది స్టీలు టేపుతో చేసే, హామ్‌లలో (అభిరుచితో రేడియో నడిపేవాళ్లలో) బాగా ప్రచారంలో ఉన్న మూడు ఎలిమెంట్ల డిజైన్. పొదల్లో దూరినప్పుడు ఎలిమెంట్లు వంగి మళ్లీ నిలబడతాయి కాబట్టి కొండకి ఇంతకంటే నప్పేది లేదు.

25 మిల్లీమీటర్ల వెడల్పు స్టీలు టేపు, 5 మీటర్లది ఒకటి. సన్నటి 12 మిల్లీమీటర్లది వద్దు, గాలికి తలవాల్చేస్తుంది. రిఫ్లెక్టర్ (వెనక ఎలిమెంట్) 1051 మి.మీ., డైరెక్టర్ (ముందుది) 892 మి.మీ., డ్రివెన్ (కేబుల్ తగిలే నడిమిది) రెండు ముక్కలు, ఒక్కోటి 451 మి.మీ., వాటి మధ్య 25 మి.మీ. ఖాళీ. రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కి 203 మి.మీ., డ్రివెన్ నుంచి డైరెక్టర్‌కి 318 మి.మీ. బూమ్‌కి అర అంగుళం పీవీసీ పైపు, రెండు క్రాస్ జాయింట్లు, ఒక టీ, బిగించడానికి హోస్ క్లిప్పులు. పూర్ణా మార్కెట్ హార్డ్‌వేర్ కొట్లలో ఇవన్నీ దొరుకుతాయి. రిఫ్లెక్టర్ వెనక మరో జానెడు పైపు వదలండి, అదే పిడి.

హెయిర్‌పిన్‌కి 127 మి.మీ. గట్టి రాగి తీగ తీసుకుని, మధ్య ఎడం 19 మి.మీ. ఉండేలా యూ ఆకారంలో వంచి డ్రివెన్ రెండు ముక్కలకీ అడ్డంగా అతకాలి. అక్కడే ఆర్‌జీ‑58 కేబుల్ కూడా అతకాలి. ఇది మానేస్తే మ్యాచ్ (కేబుల్‌తో పొంతన) రాదు.

చాలామందికి చెడేది టంకం దగ్గర. టేపు మీది పసుపు రంగు, దాని కింది పూత రెండూ ఇసుక కాగితంతో మెరిసేదాకా గీకాలి. 25 వాట్ల ఐరన్ చాలదు, స్టీలు వేడిని లాగేస్తుంది. 60 వాట్లది కావాలి, ముందు టేపుకి విడిగా టంకం పూసుకుని తర్వాత తీగ అతకండి. పైకి అతికినట్టు కనిపించే చల్లటి టంకం కొండ మీద రెండు కుదుపులకి ఊడుతుంది. టేపు చివర్లు గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టండి. కంటి ఎత్తులో ఊగే స్టీలు రేకు అది, పక్కవాళ్లకి ప్రమాదం.

ఆ కొలతలు 146.5కి దగ్గరగా ఉంటాయి. 145.5కి కావాలంటే రిఫ్లెక్టర్‌ని 7, డ్రివెన్ ముక్కల్ని చెరో 3, డైరెక్టర్‌ని 6 మి.మీ. పెంచండి. వినడానికే వాడితే అంత తేడా ఏమీ తెలియదు.

#4 కొత్త_చెవి

సార్, ఒక సందేహం. ఈ యాగీ పీక్ చాలా వెడల్పుగా ఉంటుంది కదా, అటూ ఇటూ 30 డిగ్రీలు తిప్పినా ఒకేలా వినిపిస్తుంది. అందులో ఖచ్చితమైన బేరింగ్ ఎలా వస్తుంది?

#5 ఖొండలైట్

పీక్‌ని వెతకొద్దు బాబూ, అంచుల్ని వెతుకు. ఎడమకి తిప్పుతూ వెళ్లి సిగ్నల్‌లో బుస మొదలయ్యే చోట ఆగు. ఆ దిశలో దూరాన ఏ చెట్టో రాయో ఉంటే గుర్తు పెట్టుకో. కుడికి తిప్పి అదే మోతాదు బుస వచ్చే చోట ఇంకో గుర్తు. రెంటికీ సరిగ్గా మధ్యది నీ బేరింగ్. ఆ తర్వాత యాంటెన్నాని వెనక్కి తిప్పి నల్ ఆ గీత మీదే ఉందో లేదో సరిచూసుకో.

ఎఫ్‌ఎం రిసీవర్‌తో ఒక చిక్కుంది. సిగ్నల్ ఒక స్థాయి దాటితే లిమిటర్ దాన్ని సమం చేసేస్తుంది. బుస పూర్తిగా పోయాక సిగ్నల్ పది రెట్లు పెరిగినా చెవికి తేడా తెలియదు. చవక హ్యాండీల మీటరు కూడా ఉందీ లేదూ అని చూపించడానికే తప్ప కొలతకి పనికిరాదు. కాబట్టి ఎప్పుడూ బుస కలిసిన స్థితిలోనే పని చేయాలి. సిగ్నల్ శుభ్రంగా వస్తోందంటే దాన్ని తగ్గించాల్సిన వేళైందన్నమాట.

యాంటెన్నాని ఒంటికి ఆనించి పట్టుకోకు, చెయ్యి చాపి పట్టు. పక్క జట్టు వాళ్ల యాగీ రెండు మూడు మీటర్ల లోపు ఉంటే అది కూడా నీ యాంటెన్నాలో భాగమైపోయి దిశని లాగేస్తుంది.

#6 కాంటూరు

దిక్సూచి గురించి ఒక మాట, ఎందుకంటే తప్పు ఇక్కడ కూడా చేరుతుంది. రేకుల యాగీ స్టీలు. దాని పక్కనే దిక్సూచి పెడితే సూది యాగీ వైపు తిరుగుతుంది. ఫోన్లో దిక్సూచి అయితే హ్యాండీ స్పీకర్‌లోని అయస్కాంతం దాన్ని చెడగొడుతుంది. పద్ధతి ఇది: యాంటెన్నాతో దూరంలో ఒక గుర్తుని గురిపెట్టండి, యాంటెన్నా, హ్యాండీ కింద పెట్టి రెండు మీటర్లు పక్కకి వచ్చి, ఆ గుర్తుకి దిక్సూచితో డిగ్రీలు చూడండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, సవరణ అక్కర్లేదు.

మ్యాప్ విషయానికొస్తే, చేత్తో తీసిన మంచి బేరింగ్‌లో కూడా అటూ ఇటూ 5 డిగ్రీల తప్పు ఉంటుందని లెక్కేసుకోండి. కిలోమీటరు దూరంలో అది చెరోవైపు 87 మీటర్లు, 3 కిలోమీటర్లలో 260 మీటర్లు. అందుకని గీత కాదు, సన్నటి విసనకర్రలా గీయండి. కిలోమీటరు దూరం నుంచి రెండు బేరింగులు లంబంగా ఖండించుకుంటే వెతికే ముక్క పొడవాటి కర్ణం 250 మీటర్లు. అవే రెండూ 20 డిగ్రీల కోణంలో ఖండించుకుంటే ఆ కర్ణం కిలోమీటరు. ఘాట్ రోడ్డు వెంబడే కారు ఆపుకుంటూ తీసిన బేరింగులతో వచ్చే ఇబ్బంది ఇదే. రోడ్డంతా వాలుకి ఒకేవైపు ఉంటుంది, గీతలన్నీ దాదాపు సమాంతరంగా పోతాయి. పది తీసినా ఒకదానితో సమానమే. ఒక జట్టు అయినా అవతలి వాలుకి వెళ్లాలి.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటులో కాంటూరు అంతరం 20 మీటర్లు. దాన్ని ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి, పైన మార్కర్‌తో గీయొచ్చు. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ఆన్‌లైన్ మ్యాపుని నమ్ముకోవద్దు, ముందే దింపుకోండి. గీత గీశాక దాని వెంబడి ఎత్తులు చూసుకుంటూ వెళ్లండి. మీకూ ఫాక్స్‌కీ మధ్య శిఖరరేఖ ఉంటే ఆ బేరింగ్ చాలాసార్లు ఫాక్స్‌ని కాక శిఖరంలో పల్లంగా ఉన్న చోటుని చూపిస్తుంది, సిగ్నల్ అక్కడ అంచుకి వంగి తక్కువ నష్టంతో దిగుతుంది కాబట్టి. అప్పుడు ఆ గీతకి అర్థం ‘ఆ పల్లం దాకా వెళ్లి, అక్కడ మళ్లీ తియ్యి’ అని. అంతకు మించి దాన్ని పొడిగించొద్దు.

#7 మిక్సరు_డయోడ్

రెండో ప్రశ్నకి జవాబు. దూరం సగమైతే సిగ్నల్ 6 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది. కిలోమీటరు నుంచి 10 మీటర్లకి వస్తే 40 డీబీ. కొండ నీడలోంచి బయటపడి ఎదురుగా చూస్తే ఇంకో 20 పైనే కలుస్తుంది. అంత మోతాదుని తగ్గించగలిగితేనే దిశ మిగులుతుంది.

మామూలు స్టెప్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని మెట్లుమెట్లుగా తగ్గించే పెట్టె) చేసుకోవచ్చు. 50 ఓములకి 10 డీబీ π ఆకారపు రెసిస్టర్ల ప్యాడ్ అంటే రెండు పక్కలా 100, మధ్యలో 68 ఓములు. 20 డీబీకి పక్కల 62, మధ్యలో 240. పెట్టెలో ప్రతి ప్యాడ్ గదికీ మధ్య రాగి రేకు అడ్డు పెట్టాలి, లేకపోతే సిగ్నల్ గది దాటి దూకుతుంది. కానీ చవక హ్యాండీకి ఇది సగం మందే. 40, 50 డీబీ తగ్గించాక సిగ్నల్ యాంటెన్నా నుంచి కాకుండా హ్యాండీ ప్లాస్టిక్ పెట్టెలోంచి నేరుగా దూరుతుంది. అటెన్యుయేటర్ ఎంత తిప్పినా ఇక ఫలితం ఉండదు.

దానికి విరుగుడు ఆఫ్‌సెట్ అటెన్యుయేటర్. 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్, 9 వోల్టుల బ్యాటరీ, 78ఎల్05 రెగ్యులేటర్, 1 కిలో ఓము పొటెన్షియోమీటర్, ఒక 1ఎన్4148 డయోడ్. యాంటెన్నా నుంచి వచ్చిన 145.500తో 4 కలిసి 149.500 దగ్గర, 141.500 దగ్గర సిగ్నల్ పుడుతుంది. హ్యాండీని 149.500కి పెట్టి వినండి. పొటెన్షియోమీటర్ తగ్గిస్తే డయోడ్‌కి వెళ్లే 4 మెగాహెర్ట్జ్ తగ్గి, పుట్టే సిగ్నల్ కూడా తగ్గుతుంది. పెట్టెలోంచి దూరే 145.500ని హ్యాండీ అసలు వినడమే లేదు, అందుకే ఫాక్స్ పక్కన నిలబడ్డా దిశ చెడదు.

జాగ్రత్తలు మూడు. దూరంగా ఉన్నప్పుడు దీన్ని వాడొద్దు, కలపడంలోనే నష్టం ఉంది కాబట్టి నీరస సిగ్నల్ కనపడదు. 149.500లో వేరే వాడుకదార్లు వినిపిస్తే 141.500కి మారండి. ఫాక్స్‌ని సరిగ్గా 144.000 మీద పెట్టకండి. 4 మెగాహెర్ట్జ్‌కి అది 36వ హార్మోనిక్ (36 రెట్ల ఫ్రీక్వెన్సీ), వినే 148 కూడా 37వది, ఆసిలేటర్ గోలే వినిపిస్తుంది. గోస్తని గారి 145.500కి ఆ బెడద లేదు.

పెట్టె లేనివాళ్లకి రెండు చేతి ఉపాయాలు. ఫ్రీక్వెన్సీని 5 లేక 10 కిలోహెర్ట్జ్ పక్కకి జరపండి, నిండు సిగ్నల్ మళ్లీ బుసగా మారుతుంది. లేదా యాంటెన్నా తీసేసి హ్యాండీని గుండెకి ఆనించి మెల్లగా చుట్టూ తిరగండి. ఎటు తిరిగినప్పుడు అన్నిటికంటే నీరసంగా వస్తుందో ఫాక్స్ అప్పుడు మీ వీపు వెనక ఉన్నట్టు. మూడో హార్మోనిక్, అంటే 436.500లో వినడం కూడా, అది అందే సెట్టు ఉంటే, ఒక దారి. అది చాలా దగ్గరైతేనే వినిపిస్తుంది, వినపడిందంటే అడుగుల దూరంలో ఉన్నట్టే.

#8 పెందుర్తి_పల్స్

ఇంత కష్టం దేనికి? రెండు డైపోల్స్ (నడుమ కేబుల్ తగిలే తీగ యాంటెన్నాలు), 555 టైమర్, పిన్ డయోడ్లతో టీడీఓఏ (సిగ్నల్ రెండు యాంటెన్నాలకి చేరే సమయపు తేడా చూసే) పెట్టె చేసుకుంటే సరి. రెండు యాంటెన్నాల మధ్య వేగంగా మార్చుతుంటే టోన్ వినిపిస్తుంది, సిగ్నల్‌కి రెండూ సమదూరంలో ఉన్నప్పుడు టోన్ ఆగిపోతుంది. నల్ యాగీ కంటే చాలా సన్నం. సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా పని చేస్తుంది, అటెన్యుయేటర్ గొడవే లేదు.

#9 ఖొండలైట్

పల్స్ గారూ, మైదానంలో మీ మాట నిజం. సముద్రతీరంలోనూ నిజమే. కానీ టీడీఓఏ కొలిచేది బలాన్ని కాదు, ఫేజ్‌ని. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసిన చోట ఫేజ్ కలగాపులగమవుతుంది. టోన్ మూడు నాలుగు దిశల్లో తగ్గుతుంది, ఎక్కడా పూర్తిగా ఆగదు. యాగీ అయితే కనీసం ‘ఇక్కడ రెండు సిగ్నళ్లున్నాయి, ఇది పెద్దది, అది చిన్నది’ అని చూపిస్తుంది. టీడీఓఏ రెంటినీ కలిపి లేని మూడో దిశని చెబుతుంది. పైగా ముందుకీ వెనక్కీ తేడా చెప్పదు.

#10 పెందుర్తి_పల్స్

శిఖరరేఖ మీద అయితే?

#11 ఖొండలైట్

అక్కడ ఆనందంగా వాడొచ్చు. ఎదుటి వాలు నేరుగా కనిపించే చోట టీడీఓఏ నల్ యాగీని మించుతుంది. రెండూ మోయగల జట్టు అయితే లోయలో యాగీ, పైన మీ పెట్టె.

#12 పాకెట్_పోల్

మూడో ప్రశ్న, ఫాక్స్ తయారీ. చైనా హ్యాండీకి టేపు అంటించి పెట్టేకంటే డీఆర్ఏ818వీ అనే రేడియో మాడ్యూల్‌తో చేస్తే చిన్నదవుతుంది, బ్యాటరీ నిలుస్తుంది.

మాడ్యూల్‌కి 3.3 నుంచి 4.5 వోల్టులు సరిపోతాయి కాబట్టి ఒక 18650 లిథియం సెల్ నేరుగా పెట్టండి. 5 వోల్టుల బూస్ట్ కన్వర్టర్ అక్కర్లేదు, అది 2 మీటర్లలోనే గోల పుట్టిస్తుంది. నియంత్రణకి 8 మెగాహెర్ట్జ్, 3.3 వోల్టుల ఆర్డుయినో ప్రో మినీ బోర్డు వాడండి. 16 మెగాహెర్ట్జ్ బోర్డు సెల్ వోల్టేజీ దిగగానే తడబడుతుంది. హెచ్/ఎల్ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపితే అర వాటు. వాటు కావాలంటే దాన్ని ఖాళీగా వదలాలి, సప్లైకి మాత్రం కలపొద్దు, మాడ్యూల్ పోతుంది. పీటీటీ గ్రౌండ్ చేస్తే ట్రాన్స్‌మిట్. మౌనంగా ఉండే సమయంలో పీడీ పిన్‌ని కిందకి లాగితే మాడ్యూల్ నిద్రపోతుంది. మళ్లీ లేపాక అర సెకను ఆగి ఫ్రీక్వెన్సీ అమర్చి, అప్పుడు పీటీటీ నొక్కాలి.

లెక్క చూడండి. అర వాటుకి సుమారు 450 మిల్లీ ఆంపియర్లు. నిమిషం ప్రసారం, నాలుగు నిమిషాల మౌనం అయితే సగటు 90, బోర్డుకి 20 కలుపుకుంటే 110. 2600 ఎంఏహెచ్ సెల్‌లో మూడొంతులు నమ్మినా 17, 18 గంటలు. నిమిషం ప్రసారం, నిమిషం మౌనం అయితే 8 గంటలు. కొండ హంట్‌కి నా ఓటు రెండోదానికే. నాలుగు నిమిషాల మౌనంలో మనిషి ఊరికే నిలబడడు, లోయలోకి దిగిపోతాడు.

ఔట్‌పుట్‌లో లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలని ఆపేది) తప్పనిసరి, ఈ మాడ్యూళ్లకి హార్మోనిక్స్ ఎక్కువ. వరుసగా 22 పీఎఫ్ (పికోఫారడ్) కెపాసిటర్, కాయిల్, 39 పీఎఫ్, కాయిల్, 22 పీఎఫ్. కాయిల్‌కి 1 మి.మీ. ఎనామెల్ తీగ 5 మి.మీ. డ్రిల్ బిట్ మీద 4 చుట్లు, పొడవు 6 మి.మీ.కి సాగదీయాలి, సుమారు 65 నానోహెన్రీలు వస్తుంది. రెండు కాయిళ్లనీ ఒకదానికొకటి లంబంగా పెట్టండి. దీంతో రెండో హార్మోనిక్ 25 డీబీ పైన, మూడోది 45 పైన తగ్గుతాయి. డయోడ్ గారు చెప్పిన 436.500 ఉపాయం ఈ ఫాక్స్ మీద బాగా దగ్గరికి వచ్చేదాకా పనిచేయదు, అది మంచిదే.

యాంటెన్నా 49 సెంటీమీటర్ల తీగ, కింద నాలుగు రేడియల్స్ (చుట్టూ చాచిన తీగలు), ఒక్కోటి 51 సెంటీమీటర్లు. నేల నుంచి కనీసం ఒకటిన్నర మీటరు ఎత్తులో వేలాడదీయండి. తడి ఆకులు తగలకూడదు, తగిలితే ట్యూన్ పోయి పవర్ సగం కూడా బయటికి రాదు. ప్రతి విడత చివర లైసెన్సు ఉన్నవారి కాల్‌సైన్ మోర్స్‌లో వెళ్లాలి.

#13 గెడ్డవార

పెట్టే చోటు గురించి. రెండు గట్ల మధ్య గెడ్డ (కొండవాగు) అడుగున పెట్టొద్దు. సిగ్నల్ ఆ సందులోంచి పైకీ కిందకీ మాత్రమే పోతుంది, జట్లన్నీ గెడ్డ మొగకి చేరి అక్కడి నుంచి రాళ్ల మీద ఎక్కుతాయి. అది రేడియో నేర్పే హంట్ కాదు, కాళ్లు విరగ్గొట్టేది. కల్వర్టులో, ఇనుప కంచె పక్కన కూడా వద్దు, కంచె మొత్తం యాంటెన్నా అవుతుంది.

మంచి చోటు అంటే వాలు మధ్యలో, ఎవరైనా నడిచి చేరగల బాటకి 50 మీటర్ల లోపు, శిఖరరేఖ మీద కనీసం రెండు చోట్ల నుంచి నేరుగా కనిపించేది, రోడ్డు నుంచి మాత్రం కొండ నీడలో ఉండేది. రోడ్డు మీద తప్పుడు బేరింగ్, పైకెక్కితే సరైన బేరింగ్ వస్తాయి. ఖొండలైట్ గారు పైన చెప్పిన పాఠమంతా కాళ్లకి అర్థమవుతుంది.

#14 మూడున్నర

ఒక జట్టు దగ్గర 80 మీటర్ల బ్యాండు సెట్లు ఉంటే రెండో ఫాక్స్ ఆ బ్యాండులో పెట్టమని నా సూచన. 3.5 మెగాహెర్ట్జ్‌లో తరంగం 85 మీటర్లు, రాళ్లకీ చెట్లకీ అంతగా తిరగబడదు, నేల వెంబడి కొండ దాటి వస్తుంది. ఫెరైట్ రాడ్ మీద నల్ చాలా సన్నంగా దొరుకుతుంది, ముందు వెనక తెలియడానికి చిన్న సెన్స్ విప్ (నిలువు కడ్డీ) చాలు. ప్రపంచ పోటీల్లో రెండు బ్యాండ్లూ ఉంటాయి: ఐదు ఫాక్స్‌లు వంతులవారీగా నిమిషం చొప్పున పంపుతాయి, ఒకదానికొకటి 400 మీటర్లు, మొదలయ్యే చోటుకి 750 మీటర్లు దూరం ఉండాలి. అక్కడ 2 మీటర్లకి అడ్డ పోలరైజేషనే వాడతారు, నిలువు చెట్ల మొదళ్ల మధ్య అది తక్కువ నష్టపోతుంది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ వరుసలు చూశాక గోస్తని గారు కూడా అడ్డానికి మారతారనుకుంటున్నాను.

ఒక్క హెచ్చరిక. కొత్తవలస – కిరండోల్ రైలు మార్గం 25 కిలోవోల్టుల విద్యుత్ లైను. దాని దగ్గర 80 మీటర్లలో చిటపటలు ఎక్కువ. లైనుకి దూరంగా, కనీసం ఒక గట్టు అవతల పెట్టండి.

#15 గెడ్డవార

అనుమతుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, ఏజెన్సీ ప్రాంతం, అడవి చాలా వరకు రిజర్వు. అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. స్థానిక పోలీస్ స్టేషన్‌కి తేదీ, జట్ల పేర్లు, ఫ్రీక్వెన్సీ, ఫాక్స్ పెట్టే చోటు రాసి ఇవ్వండి. యాంటెన్నాలు పట్టుకుని కొండల్లో తిరిగేవాళ్లని చూసి ఊరివాళ్లు కంగారు పడకుండా గ్రామ పెద్దలకి కూడా చెప్పాలి. ఫాక్స్ పెట్టె మీద తెలుగులో ‘హామ్ రేడియో పరికరం, ప్రమాదం లేదు’ అని, ఫోన్ నంబరు రాసి అంటించండి. తీగలు వేలాడే, పేరు లేని పెట్టె చెట్టుకి కడితే ఎవరైనా భయపడతారు.

చలికాలమే కాఫీ పండ్ల కోత కాలం. తోటల్లో మనుషులుంటారు, కొమ్మలు తొక్కొద్దు, తోట యజమానిని అడగకుండా లోపలికి వెళ్లొద్దు.

కొండ చరియలకి పెద్ద తేనెపట్లు ఉంటాయి. రాతి ముఖం కింద నిలబడే ముందు తలెత్తి చూడండి. సెంటు పూసుకుని రావొద్దు. పొదల్లో దురదగొండి ఉంటుంది, దాని కాయ నూగు తగిలితే గోకవద్దు, నూగు ఇంకా లోపలికి పోతుంది. టేపు అంటించి పీకి, తర్వాత కడగండి. పొడుగు చేతుల చొక్కా, గట్టి బూట్లు తప్పవు. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు వాలుతుంది, లోయల్లో నాలుగున్నరకే చీకటి. మూడున్నరకి ఫాక్స్ దొరికినా దొరక్కపోయినా అందరూ రోడ్డెక్కాలని ముందే చెప్పండి.

ఇక సాధన కోసం నగరంలో చేసేవాళ్లకి: కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అనుమతి లేకుండా వద్దు. డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు నేవీ హద్దుల దగ్గర యాంటెన్నా ఎత్తనే వద్దు.

#16 గోస్తని_145

అందరికీ ధన్యవాదాలు. మార్పులు ఇవీ: నిమిషం ప్రసారం, నిమిషం మౌనం. అడ్డ పోలరైజేషన్, కాబట్టి ఫాక్స్‌కి తీగ డైపోల్. చోటు గాలికొండ కింద వాలు మధ్యలో, బాటకి దగ్గరగా. జట్లకి మొదటి గంట రోడ్డు మీద నుంచి బేరింగులు తీసే పని, తర్వాతే ఎక్కడం. లైసెన్సు ఉన్న ఒకరు శిఖరం మీద 145.550లో ఉంటారు, జట్లలో లైసెన్సు ఉన్నవాళ్లు మాత్రమే మాట్లాడాలి, మిగతావాళ్లు వింటే చాలు. ఇంకేమైనా ఉందా?

#17 పాకెట్_పోల్

డైపోల్ చేస్తే దాని రెండు కొసల దిశల్లో నల్ వస్తుంది. ఏదో ఒక జట్టుకి అసలు వినపడదు. కొసలు కొండ లోపలికీ బయటి లోయకీ చూసేట్టు కాకుండా, వాలు వెంబడి అడ్డంగా పరుచుకునేట్టు కట్టండి. మొత్తం పొడవు 98 సెంటీమీటర్లు. మధ్యలో కేబుల్‌ని కనీసం 50 సెంటీమీటర్లు లంబంగా కిందికి దించండి, తీగ వెంబడే లాగితే నమూనా చెడుతుంది. 145.550 ఫాక్స్‌కి 50 కిలోహెర్ట్జ్ దూరమే, ఫాక్స్ పక్కన నిలబడి మాట్లాడితే రిసీవర్ మూగబోతుంది. 144.700 లాంటిది చూడండి.

#18 రేకుల_యాగీ

ముందురోజు రాత్రి చేయాల్సిన పని ఒకటి. విశాఖ ఉప్పుగాలికి రేకుల యాగీ టంకం చుట్టూ నెలల్లో తుప్పు పడుతుంది. ఓము మీటరుతో రెండు డ్రివెన్ కొసల మధ్య చూడండి. హెయిర్‌పిన్ ఉంది కాబట్టి దాదాపు సున్నా ఓములు రావాలి, కేబుల్‌ని లాగి వంచుతూ చూసినా కదలకూడదు. బీఎన్‌సీ పిన్ పచ్చబడి ఉంటే గీకొద్దు, మార్చేయండి. అతుకుల మీద కొద్దిగా సిలికాన్ పూయండి, హార్డ్‌వేర్ కొట్లో దొరికే వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది. మొదటిది రాగిని తింటుంది. ఫాక్స్ పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి మూత బిగించండి. తెల్లారి ఘాట్ మీద మంచుకి పెట్టె లోపల నీరు చెమ్మగిల్లుతుంది, ముందు తడిసేది ఆసిలేటర్ కాళ్లే.